ఆదివారం ఆరాధనలో ఓటు మాట ఎంతవరకు?

తెలంగాణ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2024 లోక్‌సభ ఎన్నికల్లో మన రాష్ట్రానికి పోలింగు మే 13, సోమవారం. ప్రచారం మే 11 సాయంత్రానికి బందైంది. నడుమ వచ్చింది ఆదివారం. నల్గొండ నుంచి అలంపూర్ దాకా రేకుల షెడ్డు మందిరమైనా, మిషనరీల కాలం నాటి రాతి చర్చి అయినా, జనమంతా ఒక్క కప్పు కింద చేరే రోజది. మైకు ఉంటుంది. మైకు పట్టిన మనిషి మాటకు విలువ ఉంటుంది. ప్రసంగం అయ్యాక, ఆశీర్వాదానికి ముందు, 'ప్రకటనలు' అని ఓ అయిదు నిమిషాలుంటాయి. ఎవరింట్లో పెండ్లి, ఎవరింట్లో ఉపవాస కూడిక, ఎవరికి ఆపరేషన్ అన్నవి చెప్పే ఆ అయిదు నిమిషాల్లోకే ఓటు మాట జొరబడుతుంది. అక్కడ ఏం మాట్లాడితే ఫరవాలేదు, ఏం మాట్లాడితే కేసవుతుంది అన్నది తెలుగులో ఒక్క కాగితం మీద రాసి పంపండి. ఈ లేఖలో మేం అడిగేది అంతే. ఎందుకు అడుగుతున్నామో, ఆ కాగితంలో ఏం ఉండాలో చెప్పడానికే మిగతా రాత.

ఆ ఎన్నికల్లో వేదికలన్నింటి మీదా నలిగిన మాట రాజ్యాంగం. మారుస్తారని ఒకరు, మార్చబోమని ఒకరు. వినీ వినీ చాలామంది విశ్వాసులకు, కొందరు సంఘ కాపరులకు (పాస్టర్లకు) కూడా, ఈవీఎం మీద రాజ్యాంగమే గుర్తుగా ఉన్నంత పనైంది. మన దేశంలో రాజ్యాంగం మీద జనం నేరుగా ఓటేసే పద్ధతి లేదు. 368వ అధికరణ ప్రకారం ఆ ఓటు పార్లమెంటులోనే పడాలి. ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. కేంద్రానికి, రాష్ట్రాలకు మధ్య అధికారాల వంటి కొన్ని విషయాలకైతే సగం రాష్ట్రాల శాసనసభలూ ఔననాలి. జమిలి ఎన్నికల కోసం తెచ్చిన 129వ సవరణ బిల్లును 2024 డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టినప్పుడు అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 ఓట్లు పడ్డాయి. ప్రవేశపెట్టడానికి మామూలు మెజారిటీ చాలు గనక పని జరిగింది. ఆ రోజు ఓటేసిన 467 మందిలోనే బిల్లు నెగ్గాలంటే 312 కావాలి. ఈ లెక్క తెలిసిన కాపరి 'ఈ సోమవారం మనం ఓటెయ్యకపోతే మంగళవారానికి రాజ్యాంగం ఉండదు' అనడు.

ఇంకో లెక్క మా ప్రాంతానికి మరీ దగ్గరిది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా రావాలంటే రాజ్యాంగ సవరణ కావాలని చాలా వేదికల మీద చెబుతుంటారు. అది తప్పు. అడ్డుగా ఉన్నది 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టిన మూడో పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చింది పార్లమెంటు మామూలు చట్టంతోనే. 341వ అధికరణ రెండో భాగం ఆ దారి చూపిస్తోంది, మూడింట రెండొంతుల పట్టింపు అక్కడ లేదు. రాజ్యాంగం పేరుతో మందిరాల్లో జరిగే మాటల్లో సగం ఇలాంటివి. తప్పు సమాచారం ఎవరి మీద విరుచుకుపడ్డా చివరికి నష్టపోయేది విన్నవాడే.

ఇక చట్టం. ఎన్నికల్లో అవినీతి పద్ధతులేవో చెప్పే ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 123వ సెక్షన్ కాపరులందరికీ పేరుకు తెలుసు, లోపలిది తెలియదు. మతం పేరు చెప్పి ఓటడగడం ఒక్కటే తప్పనుకుంటారు. నిజానికి కాపరికి ఎక్కువ ప్రమాదం ఆ సెక్షన్ రెండో భాగంతో. 'ఫలానా వాళ్లకు వేస్తే దేవుని ఉగ్రత దిగుతుంది' అన్నా, 'వేయకపోతే ప్రభు బల్లకు రానివ్వం', 'సంఘంలోంచి తీసేస్తాం' అన్నా అది అనుచిత ప్రభావం. భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్ కూడా దాన్నే నేరమంటుంది. 174 కింద ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. ఓటరు చేయి బైబిలు మీద పెట్టించి ఒట్టు వేయించుకోవడం కూడా ఈ దారినే పోతుంది. మూడో భాగంలో 'అతని మతం' అన్న మాటకు అభ్యర్థి మతమే అనుకునే రోజులు పోయాయి. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నలుగురు ముగ్గురుగా చీలి, ఓటరు మతం పేరుతో అడిగినా తప్పేనని తేల్చింది.

అభ్యర్థి ఓడితే అతని ఎన్నికపై పిటిషన్ గొడవ లేదు. గెలిస్తే 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ పడొచ్చు. అప్పుడు అభ్యర్థి ఒక్కడే కాదు, 99వ సెక్షన్ కింద నోటీసిచ్చి, విని, అవినీతి పద్ధతికి పాల్పడ్డవారిగా కాపరి పేరూ తీర్పులో ఎక్కించవచ్చు. ఆ పైన ఆరేళ్ల దాకా పోటీకి, ఓటుకు రెండింటికీ అనర్హత పడే దారి ఉంది. ఓటు వేయమని నోరు నొచ్చేలా చెప్పిన మనిషికే ఓటు లేకుండా పోవడం!

ఎక్కువగా జరిగే దృశ్యం ఇది. అభ్యర్థి పదిన్నరకు వస్తాడు, ఆరాధన నడుమ. ముందు వరుసలో కుర్చీ వేస్తారు. ప్రసంగం కుదించి కాపరి అతన్ని ముందుకు పిలుస్తాడు, శాలువా కప్పుతాడు, తల మీద చేయి వేసి 'ఈ బిడ్డకు విజయమియ్యి ప్రభువా' అని ప్రార్థిస్తాడు. సంఘమంతా 'ఆమెన్' అంటుంది. యువకులు సెల్‌లో తీసిన వీడియో మధ్యాహ్నం భోజనాలకు ముందే వాట్సాప్‌లో తిరుగుతుంది. అభ్యర్థి అక్కడే ఉన్నాడు గనక 'నాకు తెలియకుండా జరిగింది' అనడానికి వీల్లేదు, సమ్మతి వీడియోలోనే కనబడుతుంది. అధికారుల కోసం ప్రార్థించమని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది, ప్రతి ఆదివారం చేసే ప్రార్థనే. 'పాలించేవారికి జ్ఞానమియ్యి' అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. 'ఈయన్ని గెలిపించు' అన్నాక అది ప్రార్థన దాటి ప్రచారమవుతుంది.

నాగర్‌కర్నూల్ లోక్‌సభ, అచ్చంపేట, అలంపూర్, నకిరేకల్, తుంగతుర్తి శాసనసభ స్థానాలు ఎస్సీలకు కేటాయించినవి. అక్కడ ఈ ఆశీర్వాదం అభ్యర్థి మెడకే చుట్టుకోవచ్చు. 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాలేడు. తల మీద చేయి, చేతిలో బైబిలు, నోట 'ఆమెన్' ఉన్న వీడియోను అభ్యర్థి మతం మార్చుకున్నాడనడానికి సాక్ష్యంగా ప్రత్యర్థి లాయరు కోర్టు ముందు పెడతాడు. ఒక్క వీడియోతో మతం తేలదన్నది నిజమే, కాని కేసు ఏళ్ల తరబడి నడవడానికి అది చాలు. మేలు చేయబోయి కీడు చేసినట్టవుతుంది. దేవరకొండలో ఈ చిక్కు లేదు, అది ఎస్టీ స్థానం, ఎస్టీల ఉత్తర్వులో మతం షరతు లేదు. పక్కపక్క నియోజకవర్గాల్లో ఒకే పని రెండు రకాల ఫలితాలిస్తుందన్నది మీ కాగితంలో తప్పక ఉండాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఫ్యాన్లు, కార్పెట్లు, సౌండ్ బాక్సులు, స్లాబుకు సిమెంటు అభ్యర్థి ఇస్తే, ఎవరు ఏ పేరు పెట్టినా అది లంచం కిందికి వస్తుంది. మరోపక్క కాపరి తప్పేమీ లేకుండా పట్టుబడే సందర్భమూ ఉంది. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో 50,000 రూపాయలకు మించి నగదు కాగితం లేకుండా తీసుకుపోతే తనిఖీల్లో ఆపేస్తారు. 2024లో కోడ్ మార్చి 16న వచ్చింది, ఈస్టరు మార్చి 31న. పండుగ కానుకలన్నీ సంచిలో వేసుకుని బ్యాంకుకు పోయే కోశాధికారి చేతిలో కానుకల రిజిస్టరు జిరాక్సు, ఇద్దరు పెద్దల సంతకాలు, సంఘం లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు ఉంటే చెక్‌పోస్టు దగ్గర పావుగంటలో తేలుతుంది. లేకుంటే ఆ డబ్బు విడిపించుకోవడానికి జిల్లా కమిటీ దాకా తిరగాలి.

అసలు చిక్కు 1988 చట్టంలో ఉంది. మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం ప్రార్థనా స్థలాన్ని గాని, అక్కడి కూడికను గాని రాజకీయ కార్యకలాపానికి వాడనివ్వరాదు. నిర్వాహకుడనే మాటలో పాస్టరూ, ఫాదరూ వస్తారు. శిక్ష అయిదేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. అయితే 'రాజకీయ కార్యకలాపం' అన్నదాన్ని పార్టీ పనికే పరిమితం చేయలేదు. రాజకీయ స్వభావం గల ఏ అంశమైనా, ఏ ప్రశ్నయినా అందులో వస్తుంది. అంటే మత స్వేచ్ఛ గురించిన 25వ అధికరణలో ఏముందో, సవరణ బిల్లు ఏ దశలో ఉందో చెప్పే సభ కూడా, పట్టుకునేవాడు పట్టుకుంటే, ఇందులో ఇరుకుతుంది. ఈ చట్టం మీ చేతిలోది కాదని తెలుసు. కాని నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవానికి పీఠిక చదవమని ప్రభుత్వమే చెబుతుంది. అదే పీఠికను మందిరంలో చదివి నాలుగు మాటలు వివరిస్తే ఏమవుతుందో కాపరికి భయం లేకుండా చెప్పగలగాలి. పార్టీ పేరు, గుర్తు, అభ్యర్థి, ఎవరికి వెయ్యాలన్న సూచన ఈ నాలుగూ లేనంతవరకు అది పౌర విద్య అని మీరు రాస్తే మండల స్థాయి అధికారికీ, ఎస్సైకీ గీత కనబడుతుంది.

రాజ్యాంగం గురించి గురువులు నోరెత్తకూడదని మా వాదన కాదు. రాజ్యాంగ సభలోనే ఇద్దరు గురువులు కూర్చున్నారు. మద్రాసు లయోలా కాలేజీని నడిపిన జెస్యూట్ ఫాదర్ జెరోమ్ డిసౌజా ఒకరు, షిల్లాంగు వైపు ఖాసీ పాస్టరు జె.జె.ఎం. నికోల్స్ రాయ్ ఇంకొకరు. ఈశాన్య గిరిజన ప్రాంతాలకు స్వపాలన ఇచ్చే ఆరో షెడ్యూలు వెనక నికోల్స్ రాయ్ కృషి ఉంది. 1948 డిసెంబరులో మతాన్ని 'ప్రచారం' చేసుకునే హక్కు తీసేయాలన్న సవరణలు సభ ముందుకొచ్చి వీగిపోయాయి. చట్టసభల్లో మైనారిటీలకు ప్రత్యేక సీట్లు వద్దన్న తీర్మానాన్ని 1949 మేలో సలహా సంఘంలో పెట్టింది క్రైస్తవుడైన హెచ్.సి. ముఖర్జీయే. మన నల్గొండ, పాలమూరు అప్పుడు నిజాం రాజ్యం, ఆ సభలో మన తరఫున కూర్చున్నవారే లేరు. 1949 నవంబరులో నిజాం ఫర్మానాతో రాజ్యాంగం మనకు వర్తించింది. కాబట్టి ఈ ప్రాంతంలో రాజ్యాంగం గురించి చెప్పేవారు కొంచెం ఎక్కువగానే కావాలి.

రాజ్యాంగం వంటి వాటి మీద జనం నేరుగా ఓటేసే దేశాల్లో గురువుల అనుభవం కూడా చూడదగ్గది. మలావీలో 1992 మార్చిలో కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) రాసిన లేఖ చర్చిల్లో చదివించారు. ఏకపార్టీ పాలన తప్పులను అందులో ఎత్తిచూపారు. పీఠాధిపతులను పిలిచి ప్రశ్నించారు. కాని 1993 జూన్ 14 ప్రజాభిప్రాయ సేకరణలో జనం బహుళపార్టీ వ్యవస్థకే ఓటేశారు. కెన్యాలో కథ తిరగబడింది. 2010 ఆగస్టు 4న కొత్త రాజ్యాంగం మీద ఓటు. గర్భస్రావం నిబంధన, ముస్లింల ఖాజీ కోర్టులు నచ్చక చర్చి పెద్దలు చాలామంది 'వద్దు' అన్నారు. అధికశాతం క్రైస్తవులున్న ఆ దేశంలో మూడింట రెండొంతుల మంది 'ఔను' అన్నారు. మలావీ పీఠాధిపతులు జనం అప్పటికే పడుతున్న బాధకు నోరిచ్చారు, కెన్యా పెద్దలు జనం ఓటు తమ జేబులో ఉందనుకున్నారు. మన దగ్గర 'సంఘం ఓట్లన్నీ నా చేతిలో ఉన్నాయి' అని అభ్యర్థికి చెప్పే కాపరీ, అది నమ్మి శాలువాకు తలవంచే అభ్యర్థీ ఆ లెక్క ఒకసారి చూసుకోవాలి.

కాపరి చేయగల, చేయవలసిన పని వేరే ఉంది. 85 ఏళ్లు దాటినవారు, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారు ఇంటి నుంచే ఓటేయాలంటే నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోగా ఫారం 12డి ఇవ్వాలి. ఎవరింట్లో మంచాన పడ్డ ముసలమ్మ ఉందో బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) కంటే ముందు తెలిసేది ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే కాపరికే. పాలమూరు నుంచి బొంబాయికో, హైదరాబాదుకో వలస పోయినవారి పేర్లు జాబితాలోంచి పోయిన సంగతీ ముందు అతనికే తెలుస్తుంది. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మారితే ఫారం 8 అన్న మాట క్రిస్మస్‌కు అందరూ ఊరొచ్చినప్పుడు ప్రకటనల్లో చెబితే ఎంతమందికి పని అవుతుంది! ఈ మాటలకు ఏ చట్టం అడ్డురాదు.

కాగితం కోడ్ రాకముందే అందాలి, వచ్చాక ఎవరూ చదవరు. కతోలికులకు నల్గొండ మేత్రాసనం (బిషప్ పరిధి) ద్వారా, బాప్టిస్టు, మెన్నోనైట్ సంఘాలకు వాళ్ల కార్యాలయాల ద్వారా పోతుంది. స్వతంత్ర సంఘాలకు పై కార్యాలయం ఉండదు, వాళ్లకు మండల పాస్టర్ల ఫెలోషిప్ నెలవారీ కూడికలో తహశీల్దారు చేతనే ఇప్పించాలి. పోలింగు ముగియడానికి ముందు 48 గంటల్లో ఆదివారం పడితే ఏం చేయాలో పెద్ద అక్షరాల్లో విడిగా రాయించండి: ఆరాధన యథావిధిగా జరుపుకోవచ్చు, అభ్యర్థికి గాని అతని మనుషులకు గాని మైకు ఇవ్వరాదు, పోలింగు వేళలు, గుర్తింపు కార్డుల సంగతి తప్ప ఎన్నికల మాట ఎత్తరాదు. మిషను స్కూలు పోలింగు కేంద్రమైతే వంద మీటర్ల లోపు ప్రచారం నిషేధమనీ, కాపరి ఇల్లు అదే కాంపౌండులో ఉంటే ఆ వాకిట్లో కూడా ఓటు మాట మాట్లాడరాదనీ చేర్చండి.

అడుగున ఒక ఫోను నంబరు వేయించండి. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, అభ్యర్థి బండి మందిరం ముందు ఆగినప్పుడు, కాపరి చేస్తే ఎవరో ఒకరు ఎత్తే నంబరై ఉండాలి.

ఇట్లు,
నల్గొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల సంఘ కాపరులు, విచారణ గురువులు, న్యాయవాదులు కొందరం