కారిడార్‌లో నిలబెట్టి అడిగితే ఏం చెప్తారు?

సంపాదకులు గారికి,

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గురించి పేపర్లలో ఎప్పుడూ అరకిలో పాప బతికింది, డాక్టర్ల ఘనత అనే వస్తాయి, సంతోషమే, కానీ బతకని పిల్లల విషయంలో నిర్ణయం ఎవరు తీసుకున్నారో ఎవరూ రాయరు. 24, 25 వారాలకే పుట్టిన బిడ్డకి ఊపిరితిత్తులు సరిగా తయారవ్వవు, మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం మొదటి మూడు రోజుల్లోనే ఎక్కువ, సరిగ్గా అప్పుడే తల్లి ఆపరేషనై వేరే వార్డులో ఉంటుంది, తండ్రినొక్కడినే కారిడార్‌లో నిలబెట్టి వెంటిలేటర్ ఉంచాలా తీసేయాలా చెప్పండి అంటారు. ఏం చెప్తాడండీ? మా చుట్టాల్లో ఇలాగే జరిగింది, బిల్లు గురించి చెప్పినంత వివరంగా బిడ్డ గురించి చెప్పలేదు.

కోలుకునే ఆశ లేకపోతే లైఫ్ సపోర్ట్ ఆపొచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో ఆ పద్ధతిని కొంచెం సులువు కూడా చేసింది, రెండు మెడికల్ బోర్డులు, కుటుంబం ఒప్పుకోలు అన్నీ ఉన్నాయి. కానీ పెద్దవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినట్టే ఉంటుంది (కోలుకునే ఆశ లేకపోతే వైద్యం ఆపేయమని ముందే రాసిపెట్టే లివింగ్ విల్ పసిగుడ్డు ఎక్కడ రాస్తుంది!). అందుకే కొన్నిచోట్ల దొడ్డిదారి, డాక్టర్ వద్దన్నా తీసుకెళ్తున్నాం అని సంతకం పెట్టించుకుని పంపేస్తారు, బిడ్డ దారిలోనే పోతుంది, నొప్పి తగ్గించే మందు కూడా ఉండదు. నాకు అన్నిటికన్నా అన్యాయం ఇదే అనిపిస్తుంది.

తల్లిని వీల్‌చైర్‌లో అయినా తీసుకొచ్చి, ఇద్దరినీ కూర్చోబెట్టి, మామూలు తెలుగులో చెప్పాలి, డాక్టర్ కూడా తన అభిప్రాయం చెప్పాలి, భారమంతా వాళ్ల మీదకి తోసేయకుండా. ప్రభుత్వ ఎస్ఎన్‌సీయూల్లో, అంటే జబ్బు చేసిన పసిపిల్లల ప్రత్యేక వార్డుల్లో, వైద్యం ఉచితమే గానీ నిదానంగా మాట్లాడే తీరిక ఎవరికుంటుంది, అక్కడ కౌన్సిలర్లని పెట్టమని ఆరోగ్య శాఖని మీరైనా అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి