నెట్ సమస్య: రేపు ఉదయం టెక్నీషియన్ వస్తున్నారు

అందరికీ నమస్కారమండీ. మన బ్లాకులో నెట్ పోతూ వస్తూ ఉందని చాలామంది చెప్పారు. టెక్నీషియన్ రేపు శనివారం ఉదయం 10 గంటలకు వస్తున్నారు.

ఈలోగా మీ నెట్ బాక్సు మీద లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ (LOS) అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు ఉంటే ఫైబర్‌లో సిగ్నల్ రావట్లేదని అర్థం. ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు. బాక్సు వెనకాల ఉండే సన్న ఫైబర్ కేబుల్ సోఫా కింద నలిగిందా, తలుపు సందులో మడతపడిందా చూడండి. లోపల ఉన్నది గాజు పోగు, గట్టిగా వంచితే చాలు, సిగ్నల్ పోతుంది. దాన్ని ఊడదీసి కొసలోకి మాత్రం చూడొద్దు. కనిపించని లేజర్ కంటికి ప్రమాదం, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఎర్ర లైటు లేకుండా స్లోగా ఉంటే, ల్యాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి స్పీడ్ చూడండి. అక్కడ బాగుంటే లోపం వైఫైది, లైనుది కాదు. లోపలి గదుల్లో వైఫై 5 గిగాహెర్ట్జ్ బ్యాండు బదులు 2.4 బ్యాండు వాడి చూడండి, గోడలు దాటి బాగా వస్తుంది.

రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టకండి, సెట్టింగులన్నీ పోతాయి.

ఈ రాత్రి 9 లోపు ఫ్లాట్ నంబరు, లైట్ల ఫోటో ఇక్కడ పెట్టండి. ఫోటోలు ఉంటే పని త్వరగా తెములుతుంది. ఊళ్లో లేనివాళ్లు తాళం పక్కింట్లో ఇచ్చి, నాకు ఒక మాట చెప్పండి.