ఆరు ల్యాపులు మిగిలుండగా

కాంకర్డ్, నార్త్ కరోలినా
జూన్ 4, 2025

ఒరేయ్ చిట్టీ,

ముందు నాలుగు తిట్టెయ్, తర్వాత చదువు. ఉగాదికి నువ్వు రాసిన దానికి ఇవాళ జవాబు రాస్తున్నా, తప్పు నాదే, సారీ రా. ఇక్కడ అందరం బాగున్నాం. మీ చెల్లెలికి మోకాలి నొప్పి తగ్గింది, పెద్దది సెలవులకి ఇంటికొచ్చింది, అమ్మకి బీపీ మాత్ర మార్చారట అన్నయ్య చెప్పాడు, మామిడిపళ్ళ పెట్టె ఒకటి కొన్నాం కానీ మన రసాల ముందు అవేం పళ్ళు. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. అంతే, ఇంటి సంగతులు అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. పది రోజుల్నుంచి ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు, ఆఫీసులో చెప్తే ఊకొట్టి వెళ్ళిపోతారు, నీకైతే కాలవ గట్టు తెలుసు కాబట్టి అర్థమవుతుంది.

మే 25 ఆదివారం కోకాకోలా 600 అనే నాస్కార్ కార్ల రేసు చూడ్డానికి వెళ్ళాం, నేనూ మా చిన్నోడూ. షార్లెట్ మోటార్ స్పీడ్‌వే అని పేరుకి షార్లెట్ గానీ ఉండేది మా కాంకర్డ్‌లోనే, ఇంటి నుంచి పావుగంట. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు దూరం నుంచి వినడమే తప్ప లోపల అడుగుపెట్టలేదు. చిన్నోడికి పదమూడు వచ్చాయి కదా, వాడి టేబుల్‌కి ఒక స్టీరింగు బిగించి ఉంటుంది, కింద పెడల్సు, స్కూలు నుంచి రాగానే ఐరేసింగ్ అని కంప్యూటర్‌లో రేసులు. చదువు పాడవుతుందని ఏడాది పాటు రోజూ గొడవే. వాడేమో ఒకటే మాట, "నాన్నా, విలియం బైరన్ కూడా ఇలాగే మొదలుపెట్టాడు" అని. ఎవర్రా ఈ బైరన్ అని చదవడం మొదలెట్టా, అంతే, ఇంక నాకూ పట్టుకుంది.

విను. ఈ బైరన్ షార్లెట్ కుర్రాడే, 1997లో పుట్టాడు. ఇక్కడ రేసర్లు చాలామంది తాత, తండ్రి, బాబాయి అందరూ రేసర్లైన ఇళ్ళ నుంచి వస్తారు, ఐదారేళ్ళకే కార్టు ఎక్కించేస్తారు. వీళ్ళింట్లో అలాంటిదేం లేదు. గదిలో కూర్చుని ఐరేసింగ్‌లో వందకి పైగా రేసులు గెలిచి, అప్పుడు నాన్నని అడిగి 2012లో లెజెండ్స్ కారెక్కాడు. లెజెండ్స్ అంటే పాతకాలం కార్ల బొమ్మలా ఉండే చిన్న కారు, లోపల మోటార్‌సైకిల్ ఇంజను. పద్నాలుగేళ్ళు దాటాక మొదటిసారి నిజం కారు ముట్టుకున్నోడు మరుసటి ఏడాదే 33 రేసులు గెలిచాడు చూడు! స్పీడ్‌వేలో మెయిన్ ట్రాక్ ముందు పావు మైలు చిన్న ఓవల్ ఉంటుంది, అక్కడ కూడా తిరిగాడు. మేం కూర్చున్న సీట్లకి ఎదురుగా అదే. చిన్నోడు చెయ్యి పెట్టి చూపించాడు, "అక్కడే నాన్నా" అని. గుళ్ళో గర్భగుడి చూపించినట్టు చూపించాడ్రా.

అక్కడి నుంచి ఒక్కో మెట్టూ. 2014లో డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ అని పేరున్న రేసర్, వాళ్ళ టీంలో లేట్ మోడల్ అనే రకం కార్లు. 2015లో కె అండ్ ఎన్ ఈస్ట్ అని కింది స్థాయి సిరీస్, అందులో చాంపియన్, అప్పటికి పదిహేడేళ్ళు. (ఆ టీం ఓనర్లలో ఒకాయన పేరు జస్టిన్ మార్క్స్, గుర్తుపెట్టుకో, చివర్లో పనికొస్తుంది.) 2016లో ట్రక్ సిరీస్. అంటే నిజంగా పికప్ ట్రక్కులతో రేసులు, నవ్వకు. అందులో మొదటి ఏడాదే ఏడు గెలిచాడు. ఇంక చాంపియన్‌షిప్ వాడిదే అనుకుంటుండగా ఫీనిక్స్‌లో, ముందు పోతూ ఉండగా, ఇంజను పేలిపోయింది. టైటిల్‌కి పోటీపడే ఆఖరి నలుగురిలో చోటు పోయింది. ఏడాదంతా పడ్డ కష్టం ఆ పొగతో పాటు పోయింది. ఆ తర్వాతి వారం హోమ్‌స్టెడ్‌లో ఆఖరి రేసు, గెలిచినా టైటిల్ రాదు, ఎవరూ ఏమీ ఇవ్వరు. వెళ్ళి ఆ రేసు గెలిచాడ్రా!

ఇది చదివిన రాత్రి నాకు నువ్వే గుర్తొచ్చావు. తెనాలి కాలవ గట్టు, గంటకి రూపాయి అద్దె సైకిళ్ళు, నువ్వు అంత ముందు పోతూ పోతూ ఇంకా ఆరు స్తంభాలు ఉన్నాయనగా చైను ఊడిపోవడం. ఆ తర్వాత నువ్వు చేసింది, ఆ కొబ్బరి మట్ట సంగతి, నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. కానీ మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఆ సైకిలే కావాలని షాపు ముందు కూర్చున్నావు చూడు, అది.

సరే ఎక్కడున్నాం. 2017లో ఎక్స్‌ఫినిటీ సిరీస్, అది పైనుంచి రెండోది, చాంపియన్, అప్పటికి ఇరవై కూడా నిండలేదు. 2018లో ఏకంగా అన్నిటికన్నా పైనున్న కప్ సిరీస్, హెండ్రిక్ మోటార్‌స్పోర్ట్స్ అనే టీం, కారు నంబరు 24. ఆ నంబరుతో జెఫ్ గోర్డన్ నాలుగు చాంపియన్‌షిప్పులు గెలిచాడు, ఇక్కడి వాళ్ళకి ఆ నంబరంటే ప్రాణం. ఇరవయ్యేళ్ళ కుర్రాడి నెత్తిన అంత బరువు పెడితే ఏమవుతుంది? మొదటి ఏడాది ఒక్క గెలుపు లేదు, పాయింట్లలో 23వ స్థానం. కింద అన్ని చోట్లా గెలుస్తూ వచ్చినోడికి అది ఎలా ఉండి ఉంటుందో. రెండో ఏడాదీ లేదు. మూడో ఏడాది, 2020 ఆగస్టు 29న, డేటోనాలో మొదటి కప్ రేసు గెలిచాడు, అది వాడికి 98వ రేసు. 97 సార్లు గెలవకుండా ఇంటికెళ్ళడం అంటే ఆలోచించు. డబ్బున్నోళ్ళ పిల్లాడు కాబట్టి పైకొచ్చాడని కొందరంటారు, ఈ ఆటకి డబ్బు కావాల్సిందే, కాదన్ను, కానీ డబ్బు కారెక్కిస్తుంది గానీ ఆ 97 వారాల తర్వాత మళ్ళీ పొద్దున్నే లేపి కూర్చోబెట్టదు కదరా.

2021లో రూడీ ఫ్యూగల్ క్రూ చీఫ్‌గా, అంటే ఆ కారు టీంని నడిపేవాడిగా, వచ్చాడు. ట్రక్కులప్పుడు వీడితో ఏడు గెలిపించినాయన ఈయనే. అప్పట్నుంచి దారి పట్టింది. 2023లో ఆరు గెలుపులు, ఆ ఏడాది ఎవరికీ అన్ని లేవు. 2024లో డేటోనా 500 అనే పెద్ద రేసు గెలిచాడు, వానకి ఆదివారం ఆగి సోమవారం జరిగింది. ఈ ఫిబ్రవరిలో మళ్ళీ అదే రేసు, ఆఖరి ల్యాపులో ఎక్కడో తొమ్మిదో స్థానంలో ఉన్నాడు, ముందున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటుంటే పక్కనుంచి దూసుకొచ్చి గెలిచేశాడు. అదృష్టం అన్నారు. మరి ఆ అదృష్టం వచ్చేటప్పటికి వాడు ఆ చోట ఉన్నాడుగా.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. 600 మైళ్ళు, అంటే 965 కిలోమీటర్లు, విజయవాడ నుంచి హైదరాబాదుకి మూడున్నర సార్లు పోయినంత, మైలున్నర చుట్టు మీద 400 ల్యాపులు. మలుపుల్లో రోడ్డు 24 డిగ్రీలు వాలి ఉంటుంది, కింద నుంచి చూస్తే గోడలా లేచి ఉంది. పులిహోర డబ్బా, చెవులకి మఫ్స్, నీళ్ళ సీసాలు పట్టుకుని కూర్చున్నాం. సాయంత్రం ఎండలో మొదలైంది. నలభై కార్లు ఒక్కసారి మన ముందు నుంచి పోతే ఆ చప్పుడు చెవిలోకి కాదు, రొమ్ములోకి వస్తుంది. గుండె దాని తాళం తప్పుతుంది. టైర్ల నుంచి ఊడిన రబ్బరు ముక్కలు గాల్లో ఎగిరొచ్చి ఒకటి నా పులిహోరలో పడింది, చిన్నోడు దాన్ని తీసి తుడిచి జేబులో దాచుకున్నాడు. ఇప్పుడది వాడి పెన్సిల్ బాక్సులో ఉంది.

ఈ రేసుని నాలుగు ముక్కలు చేస్తారు, ఒక్కోదాన్ని స్టేజ్ అంటారు. మొదటి స్టేజ్ బైరన్ గెలిచాడు. రెండో స్టేజ్ బైరన్. అక్కడ ఒకటి జరుగుతుంది, ఇది నాకు తెలీదు. చనిపోయిన సైనికుల్ని తలుచుకునే మెమోరియల్ డేకి ముందు రోజు కదా, ప్రతి కారు అద్దం మీదా అలాంటి ఒక సైనికుడి పేరుంటుంది. సగం రేసయ్యాక కార్లన్నీ పిట్ రోడ్డులో, అంటే టైర్లు మార్చడానికి ఆగే దారిలో, నిలబెట్టి ఇంజన్లు ఆపేశారు. అంత చప్పుడు ఒక్కసారి ఆగిపోతే ఎలా ఉంటుందో ఎలా చెప్పను. అన్ని వేలమంది లేచి నిలబడ్డారు, గాలికి జెండా కొట్టుకునే చప్పుడు వినపడింది. నా పక్కన ఒక పెద్దాయన టోపీ తీసి గుండెకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు, పెదాలు కదుల్తున్నాయి, ఎవరి పేరో అనుకున్నాడు. చిన్నోడు నా చెయ్యి పట్టుకున్నాడు, మూడేళ్ళయింది వాడు నా చెయ్యి పట్టుకుని.

మళ్ళీ మొదలు. మూడో స్టేజ్ కూడా బైరనే! అప్పటికి చీకటి పడింది, లైట్లు, ట్రాక్ చల్లబడ్డం మొదలైంది. అక్కడే తిరకాసంతా. ఎండలో పట్టు బాగున్న కారు చల్లబడ్డాక అలా ఉండదట, పట్టు లేని కారుకి పట్టు దొరుకుతుందట, అందుకే ఈ రేసు ఆఖరి వంద ల్యాపులు వేరే రేసు అంటారు. ముందున్నోడికి ఎదురు గాలి శుభ్రంగా తగిలి కారు నేలకి నొక్కుకుపోతుంది, వెనకోడికి ఆ గాలి చెడిపోయి వస్తుంది, అందుకని ముందున్నోణ్ణి దాటడం మహా కష్టం. మొత్తం 400లో 283 ల్యాపులు వాడే ముందున్నాడు. సొంత ఊరు, సొంత జనం, ఆ వారాంతంలోనే హెండ్రిక్‌తో 2029 దాకా కొత్త కాంట్రాక్టు ప్రకటించారు. అన్నీ కలిసొచ్చినట్టే.

కానీ వెనక నుంచి రాస్ చాస్టెయిన్ వస్తున్నాడు. ఈయన సంగతి ఇంకో ఉత్తరానికి సరిపోతుంది. ఫ్లోరిడాలో పుచ్చకాయలు పండించే రైతుల ఇంటి బిడ్డ, ఎనిమిది తరాల సేద్యం. 2022లో మార్టిన్స్‌విల్‌లో ఆఖరి ల్యాపులో గేరు మార్చి, గోడకి కారు ఆనించి, స్టీరింగు వదిలేసినంత పని చేసి ఐదుగుర్ని దాటాడే, ఆయన. చిన్నప్పుడు వీడియో గేమ్‌లో అలా చేసేవాణ్ణని చెప్పాడు. ఈయన కారు శనివారం ప్రాక్టీసులోనే గోడకి కొట్టి పాడైపోయింది. టీం రాత్రంతా కూర్చుని ఇంకో కారు తయారుచేశారు. అందుకని నలభైలో నలభయ్యో వాడిగా, అందరికన్నా వెనక నుంచి మొదలెట్టాడు. 

ఇరవై ల్యాపులున్నాయనగా దూరం కనిపించేది. పదిహేను, తగ్గింది. పది, ఇంకా తగ్గింది. నేను మఫ్స్ తీసేశానో ఉన్నాయో కూడా తెలీదు. చిన్నోడు నోట్లో చొక్కా కాలర్ పెట్టుకుని కొరుకుతున్నాడు. ఇంకా ఆరు ల్యాపులున్నాయనగా చాస్టెయిన్ పక్కకొచ్చాడు, దాటాడు, అయిపోయింది. 

ఆరు రా చిట్టీ. ఆరు.

బైరన్ వదల్లేదు, చివరిదాకా వెంటబడ్డాడు, సెకను కూడా తేడా లేదు. ఈ రేసులో అందరికన్నా వెనక నుంచి బయల్దేరి గెలిచినోడు ఇంతకుముందు లేడట. తర్వాత చాస్టెయిన్ పుచ్చకాయ తెచ్చి ట్రాక్ మీద వేసి పగలగొట్టాడు, గెలిచినప్పుడల్లా అదే చేస్తాడు. ఎర్రగా ముక్కలు ఎగిరాయి. మన అమ్మమ్మలు గుమ్మం ముందు గుమ్మడికాయ పగలగొట్టినట్టే అనిపించింది నాకు, ఊరి దిష్టంతా పోయినట్టు. రాత్రంతా మేలుకుని కారు కట్టిన కుర్రాళ్ళు అక్కడ గంతులేస్తుంటే సంతోషంగానే ఉంది, అబద్ధం చెప్పను. కానీ పక్కన వీడు ఏడుస్తున్నాడు. వెక్కివెక్కి కాదు, ఊరికే నీళ్ళు కారిపోతున్నాయి. "283 ల్యాపులు నాన్నా" అన్నాడు. నేనేం మాట్లాడలేకపోయా.

ఆ జస్టిన్ మార్క్స్ గుర్తున్నాడా? 2015లో పదిహేడేళ్ళ బైరన్‌కి కారిచ్చిన ఆయన. చాస్టెయిన్ నడిపే ట్రాక్‌హౌస్ టీం పెట్టింది ఆయనేరా! కారు ఎక్కాక చిన్నోడికి ఇది చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, పార్కింగ్ నుంచి బయటపడేసరికే గంట పట్టింది. తర్వాత అడిగాడు, "నాన్నా, ట్రక్కులప్పుడు ఇంజను పేలింది కదా, తర్వాతి వారం ఏమైంది?" వాడికి తెలుసు, నాకు చెప్పిందే వాడు. అయినా నాచేత చెప్పించుకున్నాడు. హోమ్‌స్టెడ్ సంగతి మొత్తం చెప్పాను, ఇంటికొచ్చేదాకా. అప్పుడే నీ కాలవ గట్టు కూడా చెప్పేశా, మట్ట ముక్క తప్ప, ఒట్టు. వాడిప్పుడు నిన్ను చూడాలంటున్నాడు, "చైను మావయ్య" అని పేరు కూడా పెట్టాడు, డిసెంబర్లో వస్తాం కదా అప్పుడు ఆ గట్టు మీద

అరె, మీ చెల్లెలు పిలుస్తోంది, చిన్నోణ్ణి స్పీడ్‌వే దగ్గర దింపాలి. వచ్చే వారం నుంచి ఆ చిన్న ఓవల్ మీద లెజెండ్స్ రేసులట, టికెట్లు అడిగి రావాలంటాడు, లెజెండ్స్ కారు ఎంతవుతుందో కూడా కనుక్కుంటాడట, దాని గురించి నీతో మాట్లాడాలి, శనివారం పొద్దున ఫోన్ చేస్తా, ఎత్తు.

నీ
రాముడు