నేపాల్‌కి సొంత కారులో వెళ్లేవాళ్లకు ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సొంత కారులో నేపాల్ వెళ్లిరావడం గురించి మీ ఆదివారం పేజీలో వచ్చిన కథనం చదివాను. వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు సరిపోతుంది, సరిహద్దులో భన్సార్ (బండికి కట్టే నేపాల్ కస్టమ్స్ రుసుము) కట్టి బండితో సహా లోపలికి వెళ్లొచ్చు అని రాశారు, అన్నీ నిజమే. కానీ బండి ఇన్సూరెన్స్ గురించి ఒక్క ముక్క కూడా లేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నేనూ మా ఫ్రెండూ రెండు నెలలుగా ఇదే ప్లాన్‌లో ఉన్నాం. మొదట భూటాన్ అనుకున్నాం, అయితే అక్కడ 2022 నుంచి మన దేశం వాళ్ల దగ్గర కూడా మనిషికి రాత్రికి 1,200 రూపాయలు ఫీజు తీసుకుంటున్నారు, ఇద్దరికి ఐదు రాత్రులంటే దానికే 12 వేలు, రూమూ తిండీ వేరే. అందుకని నేపాల్‌కి మారాం. నిర్మల్ నుంచి ఆదిలాబాద్, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్ మీదుగా సరిహద్దు ఊరు సునౌలీ, అక్కడి నుంచి బుట్వల్, పోఖరా. రానూపోనూ దాదాపు 3,000 కిలోమీటర్లు, అక్కడ తిరిగేది కూడా కలిపితే మా పాత కారుకి పెట్రోలుకే 20 వేల దాకా లెక్క వేసుకున్నాం. మన వంద అక్కడ 160 అవుతుందని సంబరపడేవాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడ రేట్లూ ఆ లెక్కనే ఉంటాయి కాబట్టి దాన్ని చూసి బడ్జెట్ తగ్గించుకోవద్దు. జులైలో బయల్దేరుదామనుకున్నవాళ్లం నవంబరుకి మార్చుకున్నాం, 2024 జులైలో చిత్వన్ దగ్గర కొండచరియలు విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయిన సంగతి ఇంకా కళ్ల ముందే ఉంది.

ఒకరోజు మా వాడు అడిగాడు, "అరేయ్, అక్కడ ఎవరికైనా మన కారు తగిలితే ఇన్సూరెన్స్ పనిచేస్తదా?" అని. మాకు పాలసీ ఇచ్చిన ఏజెంటుకి ఫోన్ చేస్తే "ఫుల్ ఇన్సూరెన్స్ సార్, ఎక్కడైనా పనిచేస్తుంది, టెన్షన్ పడకండి" అన్నాడు. నాకు నమ్మకం కుదరక పాలసీ కాగితం తీసి చూశాను. మొదటి పేజీలోనే, ఇంజన్ నంబరూ చాసిస్ నంబరూ రాసిన గడుల కింద, చీమంత అక్షరాల్లో ఉంది, భౌగోళిక పరిధి: ఇండియా. అంటే సునౌలీ గేటు దాటాక మనం కట్టిన ప్రీమియంతో పనిలేదు. బండికి దెబ్బ తగిలితే మన డబ్బే పోతుంది, సరే. మన బండి కింద పడి అక్కడ ఒక మనిషి కాలు విరిగితే ఆ కుటుంబం ఎవర్ని అడగాలి?

దీనికి దారి ఉంది. కొంచెం అదనపు ప్రీమియం కడితే పాలసీని నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి పక్క దేశాలకు కూడా పొడిగించి ఎండార్స్‌మెంట్ కాగితం ఇస్తారు. కాకపోతే అడిగితేనే ఇస్తారు, అడగాలని మనకెవరూ చెప్పరు. ఆ కాగితం కోసం నేను మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాను, మొదటిసారి కౌంటర్‌లో ఉన్నాయనకు అలాంటిది ఒకటుందనే తెలియదు. పాలసీ అమ్మేటప్పుడే ఈ ఒక్క లైను తెలుగులో చెప్పేలా బీమా కంపెనీలను గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది, అది మీలాంటి పేపర్ అడిగితేనే వింటారు.

ఇంకో మాట, ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో ముందే చూసుకోవాలి. మా కారు మా ఫ్రెండ్ వాళ్ల నాన్న పేరు మీద ఉంది, ఆయన రావట్లేదు కాబట్టి బండి మాకు ఇస్తున్నట్టు ఆయనతో సంతకం చేయించి ఉత్తరం తీసుకున్నాం.

వచ్చే ఆదివారం పేజీలో ఓ మూల చిన్న బాక్సు కట్టి ఈ రెండు విషయాలు వేయండి సార్. శీతాకాలం సెలవులకి ఈ దారిన వెళ్లాలనుకుంటున్న వాళ్లు మా ఊళ్లోనే ఇంకో ముగ్గురున్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, నిర్మల్