మిగిలిన గప్పీలను కాలవలో వదలకండి

సంపాదకులకు నమస్కారం.

కిందటేడు సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయి పేచీ పెడితే ఒక అక్వేరియం షాపులో రెండు గప్పీలు, అంటే తొట్టిలో పెంచే చిన్న రంగుచేపలు, కొన్నాం. రెండూ ఆడవే. మగది లేదు కదా, పిల్లలు ఎక్కడివి అనుకున్నాను. మూడు వారాలు తిరక్కుండా తొట్టిలో కనురెప్ప వెంట్రుకంత పిల్లలు ఇరవై దాకా కనిపించాయి. మరో నెలకి ఇంకో కాన్పు. ఆడ గప్పీ ఒక్కసారి మగదానితో కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుని విడతలుగా కంటుందట. షాపుల్లో ఆడా మగా ఒకే తొట్టిలో ఉంటాయి కాబట్టి అక్కడ కొన్న ఆడచేప చాలావరకు చూలుతోనే ఇంటికి వస్తుంది. ఈ మాట అమ్మేటప్పుడు మాకెవరూ చెప్పలేదు.

పెంచడం మాత్రం ఎంతో ఇష్టంగా పెంచాను. తల్లి పొట్ట కింద నల్లమచ్చ ముదిరి, పొట్ట పలకలా తేలితే కాన్పు దగ్గర పడినట్టే. కన్న పిల్లల్ని తల్లే తినేస్తుంది, అందుకని గుబురుగా నాచు వేసేదాన్ని. ఉడికించిన గుడ్డులో పచ్చసొన చిటికెడు చిదిమి పెట్టేదాన్ని. కుళాయి నీళ్లు ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి, క్లోరిన్ పోయాకే తొట్టిలో పోసేదాన్ని. శ్రావణమాసం వచ్చేసరికి లెక్కపెడితే 130 తేలాయి.

అప్పుడు మొదలైంది టెన్షన్. కొన్న షాపుకి తీసుకెళ్తే వద్దన్నారు. పక్కింటావిడ "కాలవలో వదిలేయండి వదినగారూ, దోమపిల్లల్నయినా తింటాయి" అన్నారు. సగం చేపల్ని బకెట్లో వేసుకుని తమ్మిలేరు గట్టు దాకా వెళ్లాను. అక్కడ మా నాన్న గుర్తొచ్చారు. మా పుట్టిల్లు కొల్లేరు లంక గ్రామం. ఈమధ్య వల తీస్తే ఒళ్లంతా పెంకులున్న నల్లచేప పడుతోందని, దాని ముళ్లకి వల చిరిగిపోతోందని ఆయన వాపోతుంటారు. డెవిల్ ఫిష్ అంటారు దాన్ని. అక్వేరియం గాజుకి పట్టిన నాచు తింటుందని ముచ్చటపడి కొనుక్కునే సక్కర్ చేపే అది. పెద్దదయ్యాక ఎవరో వదిలేసినదే కదా! తమ్మిలేరు వెళ్లి కలిసేది కొల్లేరులోనే. బకెట్ వెనక్కి తెచ్చేశాను.

గప్పీ అంత చిన్నది ఏం చేస్తుందని అడిగేవారు ఉన్నారు. దాని దగ్గరి చుట్టం గంబూషియాని చూడండి. 1928లో దోమల్ని తగ్గించడం కోసం ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. ఊరి చేపల గుడ్లు, పిల్లలు కూడా తింటుందని ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ చెరుపు చేసే 100 జాతుల జాబితాలో దాన్ని చేర్చారు. ఇక షాపుల్లో అమ్మే మరో రకం చిన్నచేపలు మాలీలైతే ఉప్పునీళ్లలో కూడా బతుకుతాయి, కొల్లేరు నుంచి సముద్రానికి వెళ్లే ఉప్పుటేరు దాకా వాటికి అడ్డం లేదు. దోమపిల్లల్ని తినడానికి మన కాలవల్లోనే తలమీద వెండిచుక్కతో నీటి పైన తిరిగే చిన్నచేప ఉంది. చిన్నప్పుడు మేం దోసిట్లో పట్టుకునేవాళ్లం.

చివరికి ఊళ్లో ఇంకో షాపు ఆయన డబ్బులివ్వకుండా తీసుకుంటానంటే ఆడవన్నీ ఇచ్చేశాను. నెల వయసుకి మగపిల్ల పొట్ట కింది రెక్క సన్నగా పుల్లలా మారుతుంది, ఆడదానికి విసనకర్రలాగే ఉంటుంది. అప్పుడే విడదీస్తే సరి. ఇప్పుడు మా తొట్టిలో 11 మగవి మాత్రమే ఉన్నాయి. రంగులూ పెద్ద తోకా మగవాటికే కాబట్టి మా అబ్బాయికి లోటేమీ లేదు.

షాపుల వారికి నా విన్నపం: పిల్లలు వద్దనుకునే వారికి మగచేపలే ఇవ్వండి, మిగిలినవి తెస్తే కాదనకండి. మత్స్యశాఖ వారు ప్రతి అక్వేరియం షాపులోనూ "ఈ చేపల్ని చెరువుల్లో, కాలవల్లో వదలరాదు" అని తెలుగులో ఒక బోర్డు పెట్టించాలని కోరుతున్నాను.

- ఒక గృహిణి, ఏలూరు