గూపీ, బాఘాలను మన పిల్లలకు చూపిద్దాం

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లలు సెల్‌ఫోన్లకు అతుక్కుపోతున్నారనీ, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ సినిమాలే కరువయ్యాయనీ పెద్దలు వాపోవడం ఏటా వింటున్నదే. సినిమాలు లేకపోలేదు, వాటిని వెతికి చూపే ఓపికే మనకు లేదన్నది నా అభిప్రాయం. సత్యజిత్ రాయ్ 1969లో విడుదల చేసిన బెంగాలీ చిత్రం ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’ను చాలా ఏళ్ళ తరువాత ఈ మధ్య ప్రొద్దుటూరులో మా మనవడు, మనవరాలితో కలిసి మళ్ళీ చూశాను. రెండు గంటలు దాటిన నలుపు తెలుపు సినిమా, అందులోనూ తెలియని భాష. పావుగంటకే లేచి పోతారనుకున్న పిల్లలు చివరిదాకా చూశారు. ఆ చిత్రాన్ని మన జిల్లాలోని బడిపిల్లలందరికీ చూపవచ్చునని, అదేమంత కష్టమైన పని కాదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

గూపీకి పాటంటే ప్రాణమే గాని గొంతులో శ్రుతి లేదు. బాఘాకు డోలంటే ప్రాణమే గాని చేతిలో లయ లేదు. ఊళ్ళ నుంచి వెళ్ళగొడితే ఇద్దరూ అడవిలో కలుసుకుంటారు. వెదురు ఆకుల మీది నీటిచుక్కలు ఒక్కొక్కటే డోలు మీద పడి ‘టప్’మంటుంటే, ఆ చప్పుడు ఎక్కడిదో తెలియక గూపీ బిక్కుబిక్కుమంటూ చూసే సన్నివేశంతోనే మా పిల్లలు సినిమాకు దాసులయ్యారు. అక్కడ భూతాల రాజు వారికి మూడు వరాలిస్తాడు: కోరిన తిండీ బట్టా, తలచిన చోటికి చేర్చే పాదరక్షలు, విన్నవారిని కదలనీయకుండా నిలిపివేసే సంగీతం. అయితే తిండి కావాలన్నా, ప్రయాణం చేయాలన్నా ఇద్దరూ ఒకరి అరచేతిని ఒకరు చరచాలి. ఒక్కడివల్ల ఏదీ కాదు. పెద్ద ఉపన్యాసమేమీ లేకుండా ఇంత మంచి షరతు పెట్టిన కథలు పిల్లల సాహిత్యంలో అరుదు.

ఈ కథ రాసినది రాయ్ తాతగారైన ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి. బొమ్మలు వేయడంలో, ఫొటోలను అచ్చువేయడానికి వాడే హాఫ్‌టోన్ బ్లాకులు తయారుచేయడంలో దిట్ట అయిన ఆయన 1913లో ‘సందేశ్’ అనే పిల్లల పత్రికను స్థాపించారు, 1915లో కన్నుమూశారు. 1921లో పుట్టిన మనవడు ఆయనను చూడనే లేదు. పిల్లలు చూసే సినిమా ఒకటి తీయమని తన కొడుకు సందీప్ అడిగినందువల్ల తాత కథను చేతిలోకి తీసుకున్న రాయ్, పాటలన్నీ తానే రాసి తానే బాణీలు కట్టారు. తాత అచ్చుపని, పిల్లల పత్రిక, మనవడి సినిమా అన్న ఈ వరుస మన జిల్లావారికి మరింత ఆసక్తి కలిగించాలి. కడప జిల్లాలో పుట్టిన బి. నాగిరెడ్డి గారు చక్రపాణి గారితో కలిసి 1947లో ‘చందమామ’ను ప్రారంభించారు, ఆ ఇద్దరే విజయా సినీ నిర్మాణ సంస్థను కూడా నడిపారు. అచ్చుయంత్రం, పిల్లల కథ, సినిమా ఒకే ఇంటి గడప దాటి రావడమన్నది బెంగాలీలకు మాత్రమే దక్కిన భాగ్యం కాదు. మనకు ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ ఆ ఇంటి నుంచే వచ్చాయి. ఆ రెండింటికీ దర్శకుడైన కె.వి. రెడ్డి గారు పక్కనున్న తాడిపత్రివారే.

చిత్రానికి ఆయువుపట్టు ఆరు నిమిషాలకు పైగా సాగే భూతాల నాట్యం. దానిని తీర్చిదిద్దిన తీరు దక్షిణాది శ్రోతలకు వెంటనే పట్టుబడుతుంది. భూతాలు నాలుగు జట్లు: రాజులు, పల్లెజనం, ఇంగ్లీషు దొరలు, బొజ్జలు పెంచిన పెద్దమనుషులు. వారి అడుగులకు బెంగాలీ డోళ్ళు వినిపించవు. మన కచేరీలలో వినిపించే తాళవాద్యాలనే రాయ్ తీసుకుని, రాజులకు మృదంగం, పల్లెజనానికి కంజీర, దొరలకు ఘటం, బొజ్జలవారికి నోట పట్టి వేలితో మీటే మోర్సింగు కేటాయించారు. ఘటం మీది పొడిపొడి దెబ్బలకు దొరల భూతాలు కొయ్యబొమ్మల్లా బిగుసుకుని నడవడం, మోర్సింగు ‘బొయ్ బొయ్’మన్నప్పుడల్లా లావుపాటి భూతాలు ఊగడం చూసి మా మనవడు పొట్ట చేతబట్టుకుని నవ్వాడు. పాటలేదు, మాటలేదు, వాద్యమే పాత్రను పరిచయం చేస్తుంది. ఆ తరువాత నాలుగు జట్లూ తమలో తాము కొట్టుకుని చచ్చి, చివరికి ఒకదాని మీద ఒకటిగా నాలుగు వరుసల్లో నిలిచి ఆడతాయి. మృదంగం నేర్పే గురువులు తమ శిష్యులకు ఈ ఒక్క ఘట్టమైనా చూపితే, నడకకూ నాదానికీ ఉన్న చుట్టరికం పాఠంలో చెప్పినదానికన్నా బాగా అర్థమవుతుందని నా నమ్మకం.

ఇక యుద్ధం. శుండీ రాజ్యం మీదికి హల్లా రాజు సేనను నడిపించాలని దుర్మార్గుడైన మంత్రి పన్నాగం. తీరా చూస్తే ఆ సేన తిండిలేక ఒంటెల పక్కనే సోలిపోయి ఉంటుంది. గూపీ, బాఘాలు ముందు పాటతో సేనను నిలిపివేసి, యుద్ధం చేసి మీరు బావుకునేదేమిటని సైనికులనే అడుగుతారు. తరువాత ఆకాశం నుంచి మిఠాయి కుండలు బారులు తీరి దిగుతాయి. కత్తులు పారేసి సైనికులు కుండల మీద పడతారు, యుద్ధం అక్కడితో సరి. ‘మాయాబజార్’లో పెళ్ళి వంటకాలన్నీ ఘటోత్కచుడి బొజ్జలోకి పోతే మనం నవ్వుకున్నాం. ఇక్కడ మాయ తిండి ఆకలిగొన్నవాడి నోటికే అందుతుంది. కరువునాటి గంజి కేంద్రాల గురించి పెద్దల నోట విన్న రాయలసీమవారికి ఈ ఘట్టం వట్టి హాస్యంగా తోచదు.

లోపాలు లేవనను. శుండీ ఆస్థానంలో జరిగే సంగీతపు పోటీ సాగతీతగా ఉంది, మా వాడు మంచినీళ్ళకని లేచి వెళ్ళింది సరిగ్గా అప్పుడే. అంతకన్నా పెద్ద లోటును మా మనవరాలు పట్టుకుంది. “అవ్వా, వీళ్ళ ఊర్లల్లో ఆడపిల్లోల్లే లేరా?” అని అడిగింది. నిజమే. చిత్రం చివరలో రంగులు విచ్చుకునే వేళ ఇద్దరు రాకుమార్తెలు కనబడతారు, అదీ హీరోలకు బహుమానంగా. ఎంత గొప్ప దర్శకుడైనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిందే. అలాగని సినిమాను పక్కన పెట్టనక్కరలేదు. ప్రదర్శన తరువాత పిల్లల చేత ఆ ప్రశ్న అడిగించడమే మంచిది.

చూపడం ఎలా అన్నదే అసలు సంగతి. తెర కింద పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలు మూడో తరగతి పిల్లవాడికి అందవు. తెలుగులో డబ్బింగ్ చేయించేదాకా ఆగితే ఈ పిల్లలు పెద్దవారైపోతారు. మా ఇంట్లో నేను చేసినట్టే, ప్రదర్శన జరిగేచోట ఒక ఉపాధ్యాయుడు గాని, ఊళ్ళో హరికథ చెప్పే కళాకారుడు గాని మైకు పట్టుకుని సంభాషణల సారాన్ని చెబుతూ పోతే సరిపోతుంది. మూకీ సినిమాల కాలంలో డేరాలలో కథ చెప్పినవారు చేసిన పని ఇదే. పాటలను మాత్రం బెంగాలీలోనే వదిలేయాలి, బాణీయే వాటి భావాన్ని మోస్తుంది. హక్కుదారుల వద్ద అనుమతి తీసుకోవడం, తెర, స్పీకర్లు సమకూర్చడం వంటి పనులను విద్యాశాఖ, గ్రంథాలయ సంస్థ కలిసి చేపట్టవచ్చు. హైదరాబాదులో రెండేళ్ళకోసారి బాలల చలనచిత్రోత్సవం జరిగిన రోజుల్లో కూడా మారుమూల మండలాల పిల్లలకు అక్కడికి వెళ్ళే వీలు అంతంతమాత్రమే. ఈసారి సినిమానే వారి దగ్గరికి రావాలి.

మీ పత్రికకూ ఒక మనవి. ఉపేంద్రకిశోర్ మరణించి వందేళ్ళు దాటినందున ఆయన మూలకథను తెలుగు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. దానిని బెంగాలీ తెలిసినవారి చేత నేరుగా రాయించి, బడులు మూసే ముందు వారాలలో మీ పిల్లల పేజీలో ధారావాహికగా ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.