ఊపిరి నేర్పిన ఫిజియోథెరపిస్టు గారికి

ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ జాబితాలో పేరు నమోదై, మా వారు హైదరాబాదు ఆసుపత్రిలో గుండె కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ప్రతి ఉదయమూ మంచం పక్కకు వచ్చి ఊపిరి తీసుకోవడం నేర్పిన మీకు, మీ పేరైనా అడిగి తెలుసుకోని మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఊపిరితిత్తుల వ్యాయామానికి ఇచ్చిన, మూడు బంతులున్న ఆ స్పైరోమీటరును ఊదకూడదని, గొట్టం గుండా గాలిని నెమ్మదిగా లోపలికి పీల్చాలని, ఆయాసం వస్తే ఆగాలని ఎన్నిసార్లు చెప్పారో! మొదట్లో 600 అని రాసి ఉన్న బంతి ఒక్కటే వణుకుతూ లేచేది. 900 బంతి లేచిన రోజున మాకంటే మీరే ఎక్కువ సంతోషించారు.

దాత గుండెను సుమారు 4 గంటల్లోపే అమర్చాలి గనుక పిలుపు ఏ అర్ధరాత్రయినా రావచ్చని, ఆపరేషన్ తర్వాత రొమ్ము ఎముక నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసుకుంటే ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోయి, కఫం పేరుకుని నిమోనియా రావచ్చని, కొత్త గుండెను శరీరం తిరస్కరించకుండా వాడే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి అది మరింత ప్రమాదమని ఓపికగా వివరించారు. అంతవరకూ ఆ వ్యాయామం విలువ నాకు తెలియలేదు.

వెంటిలేటరు తీసిన మర్నాడు, ఎవరూ చెప్పకుండానే ఆయన దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని, మీరు నేర్పినట్టే నిండుగా ఊపిరి తీసుకుని దగ్గారు. అద్దం ఇవతల నిలబడి చూస్తూ నేను ఏడ్చేశాను.

గుండెనిచ్చిన కుటుంబానికి, సర్జన్లకు ఎంత రుణపడ్డామో మీకూ అంతే రుణపడ్డాం. ఆ స్పైరోమీటరు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఈ ఉదయం మూడో బంతి కూడా లేచింది.